రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి కీలులోకి రక్తం ఎందుకు చేరుతుంది?

గుండె వాల్వు మార్పించుకుని ఏళ్ల తరబడి రోజూ రక్తం పలచబడే అసిట్రోమ్ మాత్ర వేసుకుంటున్న అరవై ఏళ్ల ఆవిడ ఒకరున్నారనుకుందాం. పొద్దున్న లేచేసరికి కుడి మోకాలు కాస్త బిగుసుకున్నట్టు అనిపించింది. మధ్యాహ్నానికి వాచింది. సాయంత్రానికి కాలు ముడవలేక, చాపలేక, బాత్రూముకు వెళ్లాలన్నా కోడలి భుజం పట్టుకోవలసి వచ్చింది. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "మోకాళ్లు అరిగిపోయాయి కదా, నీరు పట్టి ఉంటుంది." ఉప్పు కాపడం పెట్టారు. తగ్గకపోయేసరికి వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పిరుదుకి ఒక నొప్పి ఇంజెక్షన్ చేసి పంపాడు.

అందరూ మంచి మనసుతోనే చేశారు. కానీ ఆ మోకాల్లో చేరింది రక్తమైతే, చేసిన ప్రతి పనీ దాన్ని పెంచేదే. కాపడం రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు ప్లేట్‌లెట్లను సరిగా పనిచేయనివ్వదు. రక్తం గడ్డకట్టడం ఆలస్యమయ్యే మనిషికి కండలోకి సూది గుచ్చితే ఆ కండలోనూ రక్తం చేరవచ్చు.

మర్నాడు పెద్దాసుపత్రిలో అసలు సంగతి బయటపడ్డాక ఇంకో పొరపాటుకు అవకాశం ఉంది. "ఈ మాత్ర వల్లే ఇదంతా" అని ఇంటికొచ్చి అసిట్రోమ్ డబ్బా పక్కన పడేయడం. అదే జరిగితే మోకాలు తగ్గుతుంది కానీ, గుండెలోని లోహపు వాల్వు మీద రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒకటే. సరైన మోతాదులో రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్న మనిషికి, ఇంకే కారణమూ లేకుండా కీలులో రక్తం చేరడం అరుదు. మాత్ర సగం కారణమే. మిగతా సగం ఎక్కడో ఉంటుంది: మందు మోతాదు పెరిగేలా చేసిన ఇంకో మందులోనో, ఆ కీలులోనో, లేదా రక్తంలో ఇన్నాళ్లూ బయటపడని జబ్బులోనో. ఆ రెండో కారణాన్ని వెతక్కుండా మాత్రను తిట్టుకుని ఊరుకుంటే అదే కీలు మళ్లీ వాస్తుంది.

ఆ మాత్రలు చేసే పని

పలచబడే మాత్రలు అని అంటాం కానీ వీటివల్ల రక్తం నీళ్లలా పలచన కాదు. గడ్డకట్టడానికి పట్టే సమయం పెరుగుతుంది, అంతే. వీటిలో రెండు పెద్ద కుటుంబాలున్నాయి. ఎకోస్ప్రిన్ పేరుతో దొరికే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తాయి. స్టెంటు వేసినవారికి, గుండెపోటు వచ్చినవారికి ఇచ్చేవి ఇవే. రెండో కుటుంబం గడ్డకట్టించే ప్రొటీన్ల మీద పనిచేస్తుంది. వార్ఫరిన్, మన దగ్గర ఎక్కువగా రాసే అసిట్రోమ్ విటమిన్ కె ని అడ్డుకుంటాయి. దాంతో కాలేయంలో తయారయ్యే 2, 7, 9, 10 నంబర్ల ఫ్యాక్టర్లు, అంటే గడ్డకట్టించే ఆ ప్రొటీన్లు, సరిగా తయారు కావు. కొత్తగా వచ్చిన డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్ మాత్రం ఒక్కో ఫ్యాక్టర్‌ను నేరుగా పట్టుకుంటాయి.

కీలులో రక్తం విషయంలో ఈ తేడా ముఖ్యం. ప్లేట్‌లెట్ల లోపం ఉంటే చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి, చర్మం కింద ఎర్రటి చుక్కలుగా రక్తం కనిపిస్తుంది. కీళ్లలోకి, లోతు కండరాల్లోకి రక్తం చేరడం సాధారణంగా ఫ్యాక్టర్ల లోపానికి గుర్తు. కాబట్టి ఒక్క ఎకోస్ప్రిన్ మాత్రమే వాడే మనిషికి మోకాల్లో రక్తం చేరితే ఆ మాత్ర మీద నింద వేసి ఊరుకోకూడదు. ఇంకేదో ఉందని గట్టిగా అనుమానించాలి.

వార్ఫరిన్ పుట్టుక కథలో కూడా ఈ రెండో కారణం కనిపిస్తుంది. 1920లలో కెనడాలోనూ, అమెరికా ఉత్తర ప్రాంతాల్లోనూ బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం కారి చనిపోయేవి. ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు ఆ గడ్డికీ ఈ చావులకీ ఉన్న సంబంధాన్ని గుర్తించాడు. కొమ్ములు కోసినప్పుడో, వృషణాలు తీసినప్పుడో, అంటే ఒక చిన్న గాయం తోడైనప్పుడు ఆ పశువుల్లో రక్తం ఆగేది కాదు. విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. దాని వారసుడైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల మందుగా వచ్చింది. ఆ గడ్డి తిన్న పశువులకు గాయం తోడైతే ప్రమాదం ఇంకా పెరిగేది. మన మోకాళ్ల సంగతీ అంతే.

కీలే ఎందుకు

కీలు లోపలి గోడకు సైనోవియం అనే పలచటి పొర ఉంటుంది. కీలును తడిగా ఉంచే జిగురు ద్రవాన్ని తయారుచేసేది ఇదే. ఆ పని కోసం దాని నిండా సన్నటి రక్తనాళాలుంటాయి. నడిచినా, కూర్చున్నా, మెట్లెక్కినా ఆ పొర ముడతలు పడుతుంది, సాగుతుంది, అప్పుడప్పుడు ఎముకల మధ్య నలుగుతుంది కూడా. మామూలు మనిషికి అక్కడ ఏ నాళమైనా చిట్లితే తెలిసేలోపే మూసుకుపోతుంది.

శరీరంలో చాలాచోట్ల గాయమైన వెంటనే గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెట్టేది టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్. కీలు పొరలో అది చాలా తక్కువ. పైగా దానికి కళ్లెం వేసే ఇంకో ప్రొటీన్ అక్కడ ఎక్కువ. అందువల్ల కీలులో రక్తం ఆగాలంటే 8, 9 నంబర్ల ఫ్యాక్టర్ల మీద ఎక్కువగా ఆధారపడాలి. ఆ రెండింటిలో ఒకటి పుట్టుకతోనే లేని హీమోఫీలియా పిల్లలకు పదేపదే మోకాలు, మోచేయి, చీలమండ వాచేది అందుకే. అసిట్రోమ్, వార్ఫరిన్ 9వ ఫ్యాక్టర్‌ను కూడా తగ్గిస్తాయి కాబట్టి మోతాదు మించితే ఆ మనిషి కీళ్లు కొంతకాలం పాటు హీమోఫీలియా పిల్లవాడి కీళ్లలా ప్రవర్తిస్తాయి. ఎక్కువగా మోకాలికే ఇబ్బంది. పెద్ద వయసులో భుజం కూడా.

మోతాదు చేయి దాటినప్పుడు

మొదట వెతకాల్సింది ఇక్కడే, ఎక్కువసార్లు దొరికేదీ ఇక్కడే. అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవారికి మందు ఎంత పనిచేస్తోందో ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చెబుతుంది. మందు వాడని మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. గుండె లయ తప్పినవారికి, కాలి సిరలో గడ్డ కట్టినవారికి సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. మైట్రల్ స్థానంలో, అంటే గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య, లోహపు వాల్వు ఉన్నవారికి 2.5 నుంచి 3.5 దాకా. 4 దాటిన దగ్గర నుంచి రక్తస్రావం భయం వేగంగా పెరుగుతుంది.

నెలల తరబడి స్థిరంగా ఉన్న ఐఎన్ఆర్ ఉన్నట్టుండి 6కో, 8కో ఎందుకు పోతుంది? డాక్టరు గదిలో ఈ సంభాషణ తరచుగా ఇలా నడుస్తుంది.

"ఈ మధ్య కొత్తగా ఏమైనా మాత్రలు వేసుకున్నారా అమ్మా?"

"లేదండీ. అసిట్రోమూ, బీపీ మాత్రే."

"జ్వరం గానీ, మూత్రంలో మంట గానీ వచ్చిందా?"

"ఆ, పోయిన వారం మంటగా ఉంటే మెడికల్ షాపులో ఇచ్చారు. ఐదు రోజులు వేసుకున్నా. తగ్గిపోయింది కదండీ."

కారణం అక్కడుంది. తగ్గిపోయిన జబ్బుకు వేసుకున్న మాత్రను ఎవరూ మందుల లెక్కలో చెప్పరు. సెప్ట్రాన్ పేరుతో తెలిసిన కోట్రైమోక్సజోల్, విరేచనాలకూ పంటి చీముకూ ఇచ్చే మెట్రోనిడజోల్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకొనజోల్, ఈ మూడూ కాలేయంలో వార్ఫరిన్‌ను, అసిట్రోమ్‌ను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటాయి. రోజూ వేసుకునే అదే మాత్ర ఒంట్లో పేరుకుంటూ పోతుంది. ఐఎన్ఆర్ కొద్ది రోజుల్లోనే ఎగబాకుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, క్లారిత్రోమైసిన్ కూడా పెంచగలవు. నోటిపూతకు చిగుళ్లకు రాసే మైకొనజోల్ జెల్ కూడా ఈ పని చేస్తుందంటే చాలామంది నమ్మరు. పైపూతే కదా అనుకుంటారు. కానీ నోట్లో రాసింది కొంత మింగుతాం.

గుండె లయకు ఇచ్చే అమియోడరోన్‌ది ఇంకో తీరు. అది ఒంట్లో నెమ్మదిగా పేరుకుని, నెమ్మదిగా పోతుంది. మొదలుపెట్టిన కొన్ని వారాల తర్వాత ఐఎన్ఆర్ పెరుగుతూ ఉండొచ్చు. ఆపేశాక కూడా నెలల పాటు ప్రభావం ఉంటుంది. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా తిరగబడి, ఐఎన్ఆర్‌ను తగ్గిస్తుంది. అందువల్ల కోర్సు నడిచినన్నాళ్లు అసిట్రోమ్ మోతాదు పెంచుతారు. కోర్సు అయిపోయిన సంతోషంలో ఆ పెంచిన మోతాదును తిరిగి తగ్గించడం మర్చిపోతే, రిఫాంపిసిన్ ప్రభావం వదిలేసిన రెండు మూడు వారాల్లో మోకాలు వాచే అవకాశం ఉంది. మందు మొదలుపెట్టినప్పుడు పెట్టే శ్రద్ధ ఆపేటప్పుడు కూడా పెట్టాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

కొన్ని మందులు ఐఎన్ఆర్‌ను కదిలించకుండానే ప్రమాదం తెస్తాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసెక్లోఫెనాక్ మాత్రలు ఈ కోవలోవి. రిపోర్టులో అంకె బాగానే ఉంటుంది, రక్తం మాత్రం ఆగదు. మోకాళ్ల నొప్పికి వాడేవి ఇవే కావడం ఇక్కడి అసలు చిక్కు. స్టెంటు వేయించుకున్న మనిషికి గుండె లయ కూడా తప్పితే క్లోపిడోగ్రెల్, అపిక్సాబాన్ రెండూ కలిపి ఇవ్వాల్సి వస్తుంది. అది తెలిసి తీసుకునే ప్రమాదం. ఎంతకాలం కలిపి వాడాలో డాక్టరు చెప్పిన తేదీ దాటినా రెండూ కొనసాగిస్తూ ఉండటం తెలియక తీసుకునే ప్రమాదం. పారాసెటమాల్ వీటన్నిటికంటే నయమే అయినా పూర్తి మోతాదులో రోజుల తరబడి వేసుకుంటే అది కూడా ఐఎన్ఆర్‌ను పెంచుతుంది.

తిండి సంగతికి వద్దాం. "ఆకుకూరలు మానేయండి" అని చాలామందికి చెబుతారు. ఆ సలహా నాకు సరైనదిగా అనిపించదు. తోటకూర, పాలకూర, మునగాకుల్లో విటమిన్ కె ఎక్కువ, నిజమే. కానీ వారానికి మూడుసార్లు తినే అలవాటు ఉన్న మనిషికి దానికి తగ్గట్టే మందు మోతాదు కుదిరి ఉంటుంది. ఎవరో చెప్పారని ఒక్కసారిగా మానేస్తే ఐఎన్ఆర్ పెరుగుతుంది. కావలసింది మానేయడం కాదు, ఒకే తీరుగా తినడం. కార్తీక మాసం ఉపవాసాలైనా, రంజాన్ రోజాలైనా, జ్వరంతో నాలుగు రోజులు గంజి మీద గడిపినా, విరేచనాలు పట్టుకున్నా తిండి తగ్గుతుంది, దాంతో ఐఎన్ఆర్ ఎగబాకవచ్చు. అలాంటి రోజుల్లో పరీక్ష కాస్త ముందే చేయించుకోవాలి. ఒక్కసారిగా ఎక్కువ మద్యం తాగినా, కాలేయం దెబ్బతిన్నా, గుండె బలహీనపడి కాలేయంలో రక్తం నిలిచినా, థైరాయిడ్ ఎక్కువైనా ఇదే ఫలితం.

ఇంకో సాదా కారణం ఉంది, దాన్ని చివర్లో అడుగుతారు కానీ మొదట అడగాలి. అసిట్రోమ్ 1, 2, 3, 4 మిల్లీగ్రాముల మాత్రల్లో దొరుకుతుంది. "రోజుకి ఒకటిన్నర మాత్ర" అని గుర్తుపెట్టుకున్న పెద్దాయనకు షాపులో 1 మిల్లీగ్రాము స్ట్రిప్పు అయిపోయి 2 మిల్లీగ్రాములది ఇస్తే, ఆయన అదే ఒకటిన్నర వేసుకుంటారు. మందు రెట్టింపవుతుంది, ఆయనకు తెలియదు. మోకాలు వాచినప్పుడు చీటీతో పాటు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఆసుపత్రికి తీసుకెళ్లమనేది ఇందుకే. చీటీలో రాసింది వేరు, నోట్లోకి వెళ్లింది వేరు కావచ్చు.

కొత్త మందులు వాడేవారికి లెక్క వేరు. డాబిగాట్రాన్ దాదాపు 80 శాతం మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. అపిక్సాబాన్‌లో ఆ వాటా పావు వంతుకు కాస్త ఎక్కువ. రోహిణి కార్తె ఎండల్లో వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె పెరిగితే డాబిగాట్రాన్ పేరుకుపోతుంది. మరో సంగతి: ఈ మందుల ప్రభావాన్ని ఐఎన్ఆర్ సరిగా కొలవలేదు. రిపోర్టులో 1.2 చూసి "అంతా నార్మలే" అనుకోవడం వీరి విషయంలో తప్పు. చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారు, క్రియాటినిన్ ఎంత ఉంది అన్నవే ఇక్కడ ముఖ్యం.

కీలులోనే కారణం ఉంటే

ఐఎన్ఆర్ 2.4 ఉంది. కొత్త మందులేవీ లేవు. అయినా మోకాల్లో రక్తం. అప్పుడు చూపు కీలు మీదికి మళ్లాలి.

ముందు అడగాల్సింది దెబ్బ గురించి. పడటం, బెణకడం, మెట్టు తప్పడం ఏదైనా కావచ్చు. వయసు మీద పడి ఎముకలు గుల్లబారినవారికి చిన్న తూలుకే కీలు లోపల ఎముక చిట్లుతుంది. కుర్రవాడికైతే లిగమెంటు తెగి ఉండొచ్చు. "రక్తం మందు వాడుతున్నారు కాబట్టి రక్తం వచ్చింది" అనుకుని ఎక్స్‌రే తీయకపోతే విరిగిన ఎముక మీద నడిపించినట్టవుతుంది.

గుజ్జు అరిగిన మోకాలు ఇంకో కారణం. అరుగుదల ఉన్న కీలులో పొర వాచి, అందులో కొత్తగా సులువుగా చిట్లే నాళాలు పుడతాయి. ఎముక అంచుల్లో పెరిగిన ముళ్లు వాటిని రాపాడతాయి. కీళ్లవాతం, కాల్షియం స్ఫటికాలు పేరుకునే జబ్బు కూడా ఇలాగే దారి చేస్తాయి. ఎక్కువ వయసున్న ఆడవారిలో భుజం లోపలి కండర పట్టీ పూర్తిగా తెగిపోయి, ఎలాంటి దెబ్బా లేకుండానే భుజం ముందుభాగం నారింజకాయంత ఉబ్బి, లోపల రక్తపు నీరు చేరడం ఉంది.

పదేపదే ఒకే మోకాలు వాస్తూ, మధ్యలో తగ్గుతూ, వయసు ఇరవై నుంచి యాభై మధ్య ఉంటే కీలు పొరలోనే గడ్డలా పెరిగే జబ్బును గుర్తుపెట్టుకోవాలి. క్యాన్సర్ కాదు కానీ వదలదు. సూదితో తీస్తే ముదురు గోధుమ రంగు నీరు వస్తుంది, ఎంఆర్ఐలో పాత రక్తపు ఇనుము నల్లగా కనిపిస్తుంది. ఎన్నాళ్లుగానో లోపల ఉన్నదాన్ని మాత్ర బయటపెట్టినట్టవుతుంది. మోకీలు మార్పిడి చేయించుకున్నవారికి, ఆపరేషనైన నెలల, ఏళ్ల తర్వాత కూడా కృత్రిమ భాగాల మధ్య పొర ఇరుక్కుని రక్తం రావచ్చు. పదేపదే వస్తుంటే ఆంజియో చేసి, ఆ చిన్న ధమనిని లోపలి నుంచే మూసే వైద్యం ఉంది.

వీటన్నిటిలో అస్సలు ఆలస్యం చేయకూడనిది ఇన్‌ఫెక్షన్. కీలులో చీము చేరితే కొద్ది రోజుల్లోనే ఎముకల చివర్లను కప్పే మెత్తటి మృదులాస్థి నాశనమవుతుంది. రక్తమూ చీమూ కలిసి కూడా ఉండొచ్చు. జ్వరం లేదు కదా అని ధైర్యంగా ఉండకూడదు, పెద్దవారికి, షుగరు ఉన్నవారికి జ్వరం రాకపోవచ్చు.

రక్తంలోనే దాగిన జబ్బు

ఇది అరుదు, అందుకే జారిపోతుంది. తేలికపాటి హీమోఫీలియా ఉన్న మగవారికి యాభై ఏళ్లొచ్చినా ఆ సంగతి తెలియకపోవచ్చు. ఎప్పుడో పన్ను పీకించుకున్నప్పుడు రెండు రోజులు రక్తం ఆగలేదన్న జ్ఞాపకం తప్ప. గుండె కోసం పలచబడే మందు మొదలుపెట్టిన నెలలోనే మోకాలు వాస్తే ఆ జ్ఞాపకాన్ని తవ్వి తీయాలి. అమ్మ తరఫు మేనమామలకు అలాంటిదేమైనా ఉందా అని అడగాలి.

ఇంకొకటి, పెద్ద వయసులోనూ, కాన్పు తర్వాతా కొత్తగా పుట్టే హీమోఫీలియా. శరీరమే తన 8వ ఫ్యాక్టర్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేస్తుంది. పది లక్షల మందిలో ఏడాదికి ఒకరిద్దరికి వచ్చేది ఇది. చర్మం కింద, కండరాల్లో పెద్ద పెద్ద నల్లటి మచ్చలతో రక్తం చేరుతుంది, కొన్నిసార్లు కీలులోనూ. ఆ మనిషి అప్పటికే పలచబడే మాత్ర వాడుతుంటే నింద మొత్తం మాత్ర మీదికి పోతుంది, మాత్ర ఆపినా రక్తం ఆగదు. ఐఎన్ఆర్ అదుపులోనే ఉండి రక్తం గడ్డకట్టే సమయాన్ని ఇంకో తీరులో కొలిచే ఏపీటీటీ అనే రెండో పరీక్ష లెక్కకు మించి పెరిగి కనిపిస్తే డాక్టర్లు ఈ దారిలో వెతుకుతారు. ఖర్చు తక్కువైన పరీక్ష అది. మోకాల్లో రక్తం ఉన్న ప్రతివారికీ ఐఎన్ఆర్‌తో పాటు ఏపీటీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్య, క్రియాటినిన్, కాలేయం పరీక్షలు చూడటం మంచిది.

తుంటి నొప్పిలా కనిపించే వేరే ప్రమాదం

పలచబడే మాత్ర వాడే మనిషి గజ్జల్లో నొప్పి అని మంచం మీద ఒక పక్కకు ఒరిగి, తుంటి ముడుచుకుని పడుకుంటాడు. కాలు చాపమంటే అరుస్తాడు. తొడ ముందుభాగం మొద్దుబారిందంటాడు, నిలబెడితే మోకాలు ఒరిగిపోతుంది. తుంటి కీలు అనుకుంటారు. చాలాసార్లు అది కీలు కాదు, నడుము లోపలి నుంచి తొడకు దిగే పెద్ద కండలో చేరిన రక్తం. అది పక్కనున్న నరాన్ని నొక్కేస్తుంది. పైకి ఏ వాపూ కనపడదు, కానీ లీటరుకు పైగా రక్తం అక్కడ దాక్కోగలదు. ముఖం పాలిపోవడం, బీపీ పడిపోవడం చూశాక మేలుకుంటే ఆలస్యమైనట్టే. స్కాన్ వెంటనే తీయాలి.

పిక్క వాచితే సిరలో గడ్డేమోనని భయపడతాం. మోకాలి వెనక సంచి పగిలి రక్తం పిక్కలోకి జారినా అచ్చం అలాగే ఉంటుంది. ఈ రెండింటికీ వైద్యం సరిగ్గా ఎదురెదురుగా ఉంటుంది. మొదటిదానికి మందు పెంచాలి, రెండోదానికి ఆపాలి. ఆ తేడా తేలేది అల్ట్రాసౌండ్‌లో, అంచనాతో కాదు.

సిరంజిలోకి వచ్చేది

మోకాల్లో ఏముందో తేల్చే నేరుదారి సూదితో తీసి చూడటమే. శుభ్రంగా తుడిచి, మత్తు సూది వేసి, మోకాలిచిప్ప పక్కనుంచి సూది దించి పిస్టన్ వెనక్కి లాగుతారు. మామూలు అరుగుదల నీరైతే లేత పసుపు రంగులో జిగటగా వస్తుంది. కీలులో రక్తమైతే మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా ఒకే ముదురు ఎరుపు. గాజు గొట్టంలో పోసి పక్కన పెడితే చాలావరకు గడ్డకట్టదు, ఎందుకంటే గడ్డకట్టే పదార్థాలు కీలులోనే ఖర్చయిపోయి ఉంటాయి. సూది తగిలి అప్పుడే వచ్చిన రక్తమైతే పసుపు నీటిలో ఎర్రటి చారలుగా ఉండి గొట్టంలో గడ్డకడుతుంది. గొట్టం పైన నూనె చుక్కలు తేలితే అది ఎముక మూలుగులోని కొవ్వు, లోపల ఎముక విరిగిందని అర్థం. ఇంత సమాచారం మైక్రోస్కోపు దాకా వెళ్లకముందే కళ్ల ముందుంటుంది. తర్వాత స్ఫటికాల కోసం, సూక్ష్మజీవుల కల్చర్ కోసం ల్యాబుకు పంపుతారు.

"రక్తం మందు వాడేవారికి కీలులో సూది గుచ్చొచ్చా?" అని ఇంట్లో టెన్షన్ పడతారు. ఐఎన్ఆర్ ఉండాల్సిన హద్దుల్లో ఉంటే అనుభవం ఉన్న చేతిలో దీనివల్ల రక్తస్రావం చాలా అరుదు, దీనికోసం మాత్ర ఆపక్కర్లేదు. ఐఎన్ఆర్ బాగా ఎక్కువుంటే ముందు దాన్ని దించి ఆ తర్వాత తీస్తారు. తీయడం వల్ల నొప్పి తగ్గుతుంది, దానితో పాటు ఇంకో లాభం ఉంది. కీలులో నిలిచిన రక్తంలోని ఇనుము మృదులాస్థి కణాలను చంపుతుంది. అదే కీలులో రక్తం పదేపదే చేరితే, అరగని కీలు కూడా ఏళ్లు గడిచేసరికి అరిగిన కీలవుతుంది.

ఆ రోజు ఇంట్లో, ఆ తర్వాత ఆసుపత్రిలో

కీలు వాచిన రోజు కాలును కదపకుండా దిండు మీద ఎత్తుగా పెట్టాలి. బట్టలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున పెట్టాలి. కాపడం, మర్దన, నాటు కట్టు, కండలోకి ఇంజెక్షన్, డైక్లోఫెనాక్ జాతి మాత్రలు, ఏవీ వద్దు. తర్వాతి డోసు వేసుకునే ముందే డాక్టరుకు ఫోన్ చేసి వేసుకోవాలా వద్దా అడగాలి. సొంతంగా ఆపడమూ వద్దు, సొంతంగా కొనసాగించడమూ వద్దు. జ్వరం, పాదం చల్లబడటం, తొడ మొద్దుబారడం, నల్లటి విరేచనం, తీవ్రమైన తలనొప్పి వీటిలో ఏదున్నా ఫోన్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఆసుపత్రిలో అసిట్రోమ్, వార్ఫరిన్‌కు విరుగుడు విటమిన్ కె. అది పనిచేయడానికి గంటలు పడుతుంది. ప్రాణం మీదికొచ్చే రక్తస్రావమైతే ఫ్యాక్టర్లను గాఢంగా నింపిన ఇంజెక్షన్, అది దొరకనిచోట ప్లాస్మా ఎక్కిస్తారు. డాబిగాట్రాన్‌కు ఇడరూసిజుమాబ్ అనే నేరు విరుగుడు 2015లో వచ్చింది. లోహపు వాల్వు ఉన్నవారికి విటమిన్ కె ని చాలా చిన్న మోతాదులో ఆచితూచి ఇస్తారు. ఎక్కువ ఇస్తే తర్వాత కొన్ని రోజుల పాటు అసిట్రోమ్ ఎంత వేసినా పనిచేయదు, ఆ రోజుల్లో వాల్వుకు కాపలా ఉండదు. ఒక్క మోకాలు వాచినంత మాత్రాన భారీ విరుగుడు ఇవ్వకపోతే "డాక్టరు పట్టించుకోలేదు" అనుకోకూడదు.

మళ్లీ మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలన్నది అది ఎందుకు రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆపరేషన్ తర్వాత కాలి సిరలో గడ్డ కట్టి, మూడు నెలలకని రాసిన మందును రెండేళ్లుగా వేసుకుంటున్నవారూ ఉంటారు. వారికి ఇక అవసరమే లేకపోవచ్చు. గుండె లయ తప్పినవారికి అసిట్రోమ్ బదులు అపిక్సాబాన్ లాంటిదానికి మారే వీలుంటుంది. లోహపు వాల్వు ఉన్నవారికి మాత్రం ఆ వీలు లేదు. డాబిగాట్రాన్‌ను అలాంటివారిలో పరీక్షించిన అధ్యయనాన్ని గడ్డలు, రక్తస్రావం రెండూ పెరగడంతో మధ్యలోనే ఆపేశారు. మన దేశంలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించే రుమాటిక్ వాల్వు జబ్బుతో పాటు లయ తప్పినవారిలో కూడా, 2022లో వెలువడిన ఇన్విక్టస్ అధ్యయనంలో రివరోక్సాబాన్ కంటే పాత మందులే మెరుగని తేలింది. అందుకే వీరు ఐఎన్ఆర్‌తోనే బతకాలి. మోకాలు కుదుటపడ్డాక కార్డియాలజీ, ఎముకల డాక్టర్లు మాట్లాడుకుని తేదీ నిర్ణయిస్తారు, మొదలుపెట్టిన నాలుగైదు రోజులకు ఒకసారి, అంకె నిలకడగా వచ్చేదాకా వారం వారం ఐఎన్ఆర్ చూస్తారు. ఆ మధ్యలో ఏ యాంటీబయాటిక్ మొదలైనా, తిండి బాగా తగ్గినా ఆ వారం పరీక్షను ముందుకు జరపాలి. తొడ కండను బిగించి వదిలే వ్యాయామం నొప్పి తగ్గిన వెంటనే మొదలుపెట్టవచ్చు, కాలి మీద పూర్తి బరువు మాత్రం వాపు పోయాకే.